రెండు సీట్లు చేతికొచ్చాక

ఈ నెల శీర్షికకు వచ్చిన ప్రశ్నల్లో నాలుగింటిది ఒకటే గుబులు. రెండు చోట్ల సీటొచ్చింది, ఏది పట్టుకోవాలి, ఏది వదలాలి? గడువులు ముంచుకొస్తున్న రోజులు కాబట్టి మిగతా ప్రశ్నలను పై నెలకు ఉంచి, ఈ నాలుగింటికే వివరంగా జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా వాడికి జోసా కౌన్సెలింగ్‌లో (ఐఐటీలు, ఎన్‌ఐటీల వంటి కేంద్ర సంస్థల సీట్ల పంపకం) కర్నూలు ట్రిపుల్‌ఐటీ డీఎంలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వచ్చింది. ఈఏపీసెట్ మొదటి విడతలో అనంతపురం జేఎన్‌టీయూ క్యాంపస్ కాలేజీలో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) వచ్చింది. బంధువులంతా ట్రిపుల్‌ఐటీ పేరు పెద్దది, దాన్నే పట్టుకోమంటున్నారు. వాడేమో కంప్యూటర్సే కావాలంటాడు. ఆరెకరాల మెట్ట, సేద్యం మీదే బతుకు మాది. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, ఆదోని

జవాబు: అయ్యా, రెండూ చేరదగిన చోట్లే. అనంతపురం కాలేజీ 1946 నాటిది. 1972లో జేఎన్‌టీయూలో భాగమైంది, 2008లో అనంతపురం జేఎన్‌టీయూ విడి యూనివర్సిటీ అయింది. కర్నూలు ట్రిపుల్‌ఐటీ డీఎం 2015లో మొదలైంది, 2017లో చట్ట సవరణతో జాతీయ ప్రాధాన్య సంస్థ అయింది. ఒకదానికి దాదాపు ఎనభై ఏళ్ల పూర్వ విద్యార్థుల బలగం ఉంది, ఇంకోదానికి కేంద్ర సంస్థ అన్న గుర్తింపు ఉంది. అయితే మీ అబ్బాయి నాలుగేళ్లూ చదివేది ఒక డిపార్ట్‌మెంటులో. ఆ ఈసీఈనీ ఈ సీఎస్‌ఈనీ పక్కపక్కన పెట్టి చూడండి, బోర్డు మీది పేర్ల సంగతి తర్వాత.

ముందు మీ వాడికి ఒక పని అప్పజెప్పండి. రెండు సంస్థల వెబ్‌సైట్లలోంచీ రెండో సంవత్సరం సిలబస్ దించుకోమనండి. ఈసీఈలో సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, నెట్‌వర్క్ అనాలిసిస్, అనలాగ్ సర్క్యూట్స్ ఉంటాయి. సీఎస్‌ఈలో డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ మ్యాథ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్. ఐఐటీలవాళ్లు నడిపే ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో వీటన్నింటి పాఠాలూ ఉచితంగా దొరుకుతాయి. ఒక్కో బ్రాంచి నుంచి ఒక సబ్జెక్టు తీసుకుని మొదటి మూడు పాఠాలు పెన్నూ కాగితం పట్టుకుని వినమనండి. రెండు రోజుల పని అది. ఇంటర్ ఫిజిక్స్‌లో కరెంటు, ఏసీ అధ్యాయాలు ఇష్టంగా చేసినవాడికి సిగ్నల్స్ పాఠం విసుగు పుట్టించదు. పదిహేను నిమిషాలకే ఫోను వైపు చూస్తుంటే జవాబు దొరికినట్టే.

'ఈసీఈలో చేరి కోడింగ్ సొంతంగా నేర్చుకుంటాలే' అనే మాట ఇళ్లలో తరచూ వినబడుతుంది. ఈసీఈ పిల్లల్ని సాఫ్ట్‌వేర్ కంపెనీలు తీసుకుంటాయి, నిజమే. కానీ పరీక్ష రాయాల్సింది ఎలక్ట్రానిక్స్ పేపర్లే. ఇష్టం లేని పేపర్లలో బ్యాక్‌లాగ్ పడితే ప్లేస్‌మెంట్ కోసం వచ్చిన కంపెనీ మెట్టు దగ్గరే ఆపేస్తుంది. ఇక మొదటి ఏడాది తర్వాత బ్రాంచి మార్చుకోవచ్చన్న ఆశ. ఖాళీలు కొన్నే ఉంటాయి, క్లాసులో పై వరుస మార్కులవాళ్లకే అవి వస్తాయి. ఆ ఆశతో చేరొద్దు.

ఇక ప్లేస్‌మెంట్ల సంగతి. కరపత్రాల్లో 'అత్యధిక ప్యాకేజీ' అని ఒక పెద్ద అంకె ఉంటుంది, దాన్ని పక్కన పెట్టేయండి. ఎన్‌ఐఆర్‌ఎఫ్ (కేంద్రం ఏటా ఇచ్చే కాలేజీల ర్యాంకులు) ర్యాంకుకు దరఖాస్తు చేసే సంస్థలు తామిచ్చిన లెక్కలను పీడీఎఫ్‌గా తమ సొంత వెబ్‌సైట్లో పెట్టాలి. ఆ కాగితంలో ఎంతమంది చేరారు, ఎంతమంది గడువులోగా పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, మీడియన్ జీతమెంత (జీతాలన్నీ వరుసలో పెడితే సరిగ్గా నడుమ వచ్చేది), పై చదువులకు ఎందరు వెళ్లారు అన్నీ వరుసగా ఉంటాయి. ఉదాహరణకు చేరినవాళ్లు 120, గడువులోగా పాసైనవాళ్లు 78, ఉద్యోగాలొచ్చినవాళ్లు 52 అనుకుందాం. ప్లేస్‌మెంటుకు పేరిచ్చినవాళ్లు 58 మందే అయితే కరపత్రంలో 90 శాతం అని వేసుకోవచ్చు. చేరిన 120 మందిలో చూస్తే అది 43 శాతమే.

మీడియన్ ఎందుకు చూడమంటున్నామంటే, పదిమందిలో ఒకరికి 40 లక్షలు, మిగతా తొమ్మిదిమందికీ తలా 4 లక్షలు వస్తే సగటు 7 లక్షల 60 వేలు అవుతుంది. మీడియన్ మాత్రం 4 లక్షలే. మీ వాడు ఆ తొమ్మిదిమందిలో ఉండే అవకాశమే ఎక్కువ. అదే పీడీఎఫ్‌లో అధ్యాపకుల జాబితా కూడా ఉంటుంది. రెగ్యులర్ ఎందరు, ఒప్పందం మీద ఉన్నవాళ్లెందరు, పీహెచ్‌డీలు ఎందరికి ఉన్నాయి లెక్కపెట్టండి. సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ లెక్క 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు. ర్యాంకు అంకెను మాత్రం పట్టుకుని వేలాడొద్దు. ఎన్‌ఐఆర్‌ఎఫ్ మార్కుల్లో 30 శాతం పరిశోధనకే పోతుంది, బీటెక్ మొదటేడు పిల్లవాడి క్లాసు ఎలా జరుగుతుందో ఆ 30 శాతం చెప్పదు. చదువు నాణ్యత చూసి ఇచ్చే ఎన్‌బీఏ గుర్తింపు కాలేజీ మొత్తానికి ఇచ్చేది కాదు, బ్రాంచి బ్రాంచికీ విడిగా ఇస్తారు. కాబట్టి మీ బ్రాంచికి ఉందా, ఏ ఏడాది దాకా ఉందో చూడండి.

డబ్బు మాటకొస్తే, ఫీజు రీయింబర్స్‌మెంట్ ప్రధానంగా కన్వీనర్ కోటా (ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌తో నింపే) సీట్లకు. జోసా ద్వారా వచ్చిన సీటు ఆ కోటాది కాదు. దానికేమైనా వస్తుందా లేదా అన్నది మీ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటును అడిగి, ఈ ఏడాది ఉత్తర్వు చూపించమనండి. తేలేవరకు ఫీజంతా మీ చేతిదే అనుకుని లెక్కేయండి. రీయింబర్స్‌మెంటు ఉన్న సీటుకైనా 75 శాతం హాజరు తప్పదు. అప్పు అవసరమైతే పీఎం విద్యాలక్ష్మి పథకంలో కేంద్ర సంస్థల్లో మెరిట్ మీద చేరినవాళ్లకు తాకట్టూ హామీదారూ లేకుండా బ్యాంకు రుణమిస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుంటే 10 లక్షల రుణం దాకా 3 శాతం వడ్డీ రాయితీకి అర్జీ పెట్టుకోవచ్చు. కాగితం మీద రెండు గళ్లు గీసి ఫీజు, హాస్టలు, మెస్సు, ల్యాప్‌టాప్, రానుపోను ఖర్చులు నాలుగేళ్లకూ కూడండి. దూరం లెక్కలో పెట్టకండి. ఎమ్మిగనూరు మీదుగా కర్నూలైనా, గుంతకల్లు మీదుగా అనంతపురమైనా పొద్దున బయల్దేరితే పూట గడిచేలోగా చేరతారు.

గొడవంతా వచ్చేది ఇక్కడే, జాగ్రత్తగా చదవండి. జోసాలో 'ఫ్రీజ్' అంటే ఈ సీటు చాలు అని. 'స్లైడ్' అంటే ఇదే సంస్థలో నా జాబితాలో పైనున్న బ్రాంచి వస్తే మారతానని. 'ఫ్లోట్' అంటే ఏ సంస్థలోనైనా జాబితాలో పైనున్నది వస్తే మారతానని. మారితే పాత సీటు దానంతటదే పోతుంది, తిరిగి రాదు. ఆప్షన్లు పెట్టేటప్పుడు తొందరలో దూరాన ఎక్కడో మెకానికల్‌ను ఈసీఈకి పైన పెట్టి ఉంటే, ఫ్లోట్‌లో ఆ మెకానికలే వచ్చి పడుతుంది. కాబట్టి ఫ్లోట్ నొక్కేముందు మీ జాబితాలో ఇప్పటి సీటుకు పైనున్న ప్రతి వరుసా చదివి, 'ఇది వస్తే చేరతావా' అని వాణ్ణి అడగండి. ఒక్కదానికి కాదన్నా ఫ్రీజ్ చేయండి. ఈఏపీసెట్‌లోనూ ఇంతే. రెండో విడతలో కొత్త ఆప్షన్లు పెట్టి సీటొస్తే మొదటి విడత సీటు రద్దవుతుంది. అనంతపురం సీఎస్‌ఈ మీకు నచ్చితే రెండో విడత జోలికి వెళ్లకుండా ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి, కాలేజీలోనూ రిపోర్టు చేయండి. రెండిట్లో ఏది మిస్సయినా సీటు పోతుంది. జోసా సీటు వద్దనుకుంటే చివరి రౌండుకు ముందే, షెడ్యూల్లో ఇచ్చిన గడువులోగా విత్‌డ్రా చేయాలి. ఫీజులో ప్రాసెసింగ్ ఖర్చు మినహాయించి మిగతాది వెనక్కొస్తుంది. ఒక సీటు ఖాయమై రసీదు చేతికి రాకముందు ఇంకోదాన్ని వదలొద్దు.

మా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాం. మూడు పాఠాలు విన్నాక కూడా మీ వాడు కంప్యూటర్సే అంటే అనంతపురం సీఎస్‌ఈ. ఎలక్ట్రానిక్స్ బాగానే ఉందే అంటే, రీయింబర్స్‌మెంటు సంగతి తేల్చుకుని, కర్నూలు.

ప్రశ్న: వేరే రాష్ట్రంలోని ఒక ప్రైవేటు యూనివర్సిటీలో లక్షన్నర కట్టి మా తమ్ముణ్ణి చేర్చాం. ఇప్పుడు ఇంటి దగ్గరే మంచి సీటొచ్చింది. డబ్బు తిరిగివ్వం, టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ కూడా ఇప్పుడే ఇవ్వం అంటున్నారు. ఇది సరేనా? – ఒక అన్న, కడప

జవాబు: సరి కాదు. 2018 అక్టోబరులో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఒరిజినల్ సర్టిఫికెట్లను విద్యార్థి ఎదుటే సరిచూసి, అక్కడికక్కడే తిరిగిచ్చేయాలి. సంతకం చేసిన జిరాక్సులు మాత్రమే ఉంచుకోవచ్చు.

ఫీజు వాపసుకు అదే నోటిఫికేషన్‌లో మెట్లున్నాయి. ప్రవేశాలకు ఆ సంస్థ ప్రకటించిన చివరి తేదీయే కొలమానం. ఆ తేదీకి 15 రోజులు, అంతకుముందే వదులుకుంటే మొత్తం ఫీజు వస్తుంది, ప్రాసెసింగ్ కింద గరిష్ఠంగా 5 వేలు పట్టుకోవచ్చు. చివరి తేదీకి 15 రోజుల లోపు మిగిలుండగా అయితే 90 శాతం, మీ లక్షన్నరలో 1,35,000. తేదీ దాటిన 15 రోజుల్లో 80 శాతం, అంటే 1,20,000. ఆ తర్వాత 30వ రోజు దాకా సగం, 75,000. నెల దాటితే ఏమీ రాదు. కాషన్ డిపాజిట్ మాత్రం ఎప్పుడైనా పూర్తిగా ఇవ్వాలి. కొన్ని ఏళ్లలో యూజీసీ ఇంకా మెరుగైన వెసులుబాటు ప్రకటిస్తుంది. 2024-25లో సెప్టెంబరు 30 దాకా పూర్తి వాపసు, అక్టోబరు 31 దాకా వెయ్యి రూపాయలకు మించి కోయకూడదు అంది. ఈ ఏడాది సర్క్యులర్ యూజీసీ సైట్లో చూడండి.

ఫోన్లో అడిగితే లెక్కలోకి రాదు. ఈ రోజే ఈమెయిల్ పెట్టి, అదే అర్జీని స్పీడ్ పోస్టులో పంపండి. అడ్మిషన్ నంబరు, కట్టిన తేదీ, రసీదు కాపీ, వదులుకుంటున్న తేదీ, బ్యాంకు ఖాతా వివరాలు, వాపసు కావాల్సిన ఒరిజినల్స్ జాబితా అందులో ఉండాలి. రాతపూర్వక అర్జీ అందిన 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఇవ్వకపోతే పోస్టు రసీదుతో యూజీసీ ఇ-సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. ప్రతి రోజూ విలువైందే, మెట్టు మారితే వేలల్లో తేడా.

ప్రశ్న: మా పాప బీఎస్సీ పూర్తి చేసింది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి ఇక్కడి శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ (ఎస్కేయూ)లోనూ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ సీటు వచ్చేలా ఉంది. మగ్గం నేసుకునే ఇల్లు మాది. ఆడపిల్లను అంత దూరం పంపడం అవసరమా? – ఒక తల్లి, ఉరవకొండ

జవాబు: అమ్మా, దూరం కన్నా ముందు పాప తర్వాత ఏం చేయాలనుకుంటోందో అడగండి. బీఈడీ చేసి టీచరు ఉద్యోగమో, ఇక్కడే జూనియర్ లెక్చరరు ఉద్యోగమో అనుకుంటే ఎస్కేయూ డిగ్రీ పూర్తిగా సరిపోతుంది. 1981 నుంచి ఈ నేలలో ఎందరో అధ్యాపకులను తయారుచేసిన చోటది, ఇంటి దగ్గరుండి పోటీ పరీక్షలకు చదువుకోవచ్చు. పరిశోధన, పీహెచ్‌డీ అంటే మాత్రం హైదరాబాద్‌కు పంపమనే మా సలహా. అక్కడి స్కూల్ ఆఫ్ కెమిస్ట్రీకి దేశంలోనే మంచి పేరుంది.

ఎందుకో చెబుతాం. పీహెచ్‌డీకి దారి సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్ష. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంటద్దె భత్యం అదనం. ఆ కెమిస్ట్రీ పేపరు 200 మార్కులకు. పార్ట్ ఏ 30, పార్ట్ బీ 70, పార్ట్ సీ 100. సీ భాగంలో 60 ప్రశ్నలిస్తే 25 చేస్తే చాలు, కానీ ఒక్కొక్కటీ 4 మార్కులది, తప్పైతే పావు వంతు కోత. బట్టీ పట్టిన వ్యాసాలు అక్కడ అక్కరకు రావు. స్పెక్ట్రమ్ ఇచ్చి అణువు నిర్మాణం చెప్పమంటారు, చర్య ఇచ్చి మధ్యలో ఏమేర్పడుతుందో అడుగుతారు. కాబట్టి రెండు చోట్లా చదువుతున్న సీనియర్లను మూడే అడగండి. సెమిస్టరు పరీక్షల్లో లెక్కల రకం ప్రశ్నలెన్ని? ఎన్‌ఎంఆర్ (అణువు నిర్మాణం తేల్చే) మిషన్ దగ్గర పిల్లల్ని సొంత శాంపిల్ పెట్టనిస్తారా, కాగితం మీద స్పెక్ట్రమ్ చూపించి పంపేస్తారా? చివరి ప్రాజెక్టు ఎన్ని నెలలు, ల్యాబులోనా లైబ్రరీలోనా? జవాబులు రెండు చోట్లా ఒకేలా వస్తే ఇంటి దగ్గర చదివించండి. ఎస్కేయూలో చేరినా దారి మూసుకుపోదు. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి రీసెర్చ్ ఫెలోషిప్‌కు అర్జీ పెడితే రెండు నెలలు పెద్ద ల్యాబులో పని చేయొచ్చు.

హైదరాబాద్ అనుకుంటే కాగితాల్లో తప్పు జరిగేది రెండు చోట్ల. మొదటిది కులధ్రువీకరణ. మన బీసీ-ఏ, బీ, సీ, డీ, ఈ సర్టిఫికెట్ అక్కడ చెల్లదు. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ తహసీల్దారు నుంచి తీసుకోవాలి, అదీ ఈ ఏప్రిల్ 1 తర్వాత జారీ అయినదై ఉండాలి. రాష్ట్ర జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో లేవు, మీది ఉందో ముందే చూసుకోండి. రెండోది మైగ్రేషన్, అంటే ఒక యూనివర్సిటీ నుంచి ఇంకోదానికి మారేటప్పుడు తీసుకునే సర్టిఫికెట్. పాప డిగ్రీ ఎస్కేయూదే అయితే ఎస్కేయూలో చేరడానికి అది అక్కర్లేదు, హైదరాబాద్‌కు కావాలి. అర్జీ పెట్టిన రోజే చేతికొస్తుందని అనుకోవద్దు. హాస్టలు గది మొదటి రోజే దొరుకుతుందా అన్నదీ అడ్మిషన్ ఆఫీసులో అడగండి.

ప్రశ్న: మా అబ్బాయికి అమెరికాలో ఎమ్మెస్‌కు రెండు అడ్మిట్లు వచ్చాయి. ఒకటి టెక్సాస్‌లో ప్రభుత్వ యూనివర్సిటీ, డేటా సైన్స్, 36 క్రెడిట్లు, ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ పంపే పత్రం) మీద ఏడాదికి 32,000 డాలర్లు. ఇంకోటి న్యూజెర్సీలో ప్రైవేటుది, బిజినెస్ అనలిటిక్స్, 30 క్రెడిట్లు, 52,000 డాలర్లు. రెండోది ఏడాదిన్నరలో అయిపోతుంది కదా అంటాడు వాడు. – ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: కాలం కలిపి చూద్దాం. మొదటిది రెండేళ్లకు 64,000. రెండోది ఏడాదిన్నరకు 78,000. తేడా 14,000 డాలర్లు. డాలరు 90 రూపాయలు వేసుకుంటే 12 లక్షల 60 వేలు. 11 శాతం వడ్డీకి తెస్తే దాని మీద వడ్డీయే ఏడాదికి 1,38,600. ఆరు నెలలు ముందు ఉద్యోగంలో చేరితే ఇది పూడిపోతుందని మీ అబ్బాయి లెక్క. ఉద్యోగం చదువు ముగిసిన నెలలోనే దొరికితే ఆ లెక్క నిజమే. దొరకడం ఆలస్యమైతే పెద్ద అప్పు మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. పైగా రెండేళ్ల కోర్సులో ఇంటర్న్‌షిప్‌కు ఒక వేసవి దొరుకుతుంది. కోర్సు ఏడాదిన్నరదైతే ఆ వేసవి మధ్యలో వస్తుందా లేదా కేలండర్లో చూడండి.

అప్పు అంటే ఏమిటో పిల్లవాడికి అంకెల్లో చూపండి. 40 లక్షలు, 11 శాతం, పదేళ్ల వాయిదా అయితే నెలకు సుమారు 55,100 కట్టాలి. చదువుతున్న కాలంలోని వడ్డీ కట్టకుండా వదిలేస్తే అదీ అసలుకు చేరి వాయిదా ఇంకా పెరుగుతుంది. సాధారణంగా చదువు కాలం, ఆపై ఒక ఏడాది దాకా వాయిదాలు మొదలవ్వవు. విదేశీ చదువుకు మన వాటాగా 15 శాతం చూపమంటారు. మామూలు పథకంలో ఏడున్నర లక్షలు దాటితే తాకట్టు అడుగుతారు. చాలా బ్యాంకులు వ్యవసాయ భూమిని తాకట్టుగా తీసుకోవు. గ్రామకంఠంలో ఉండి రిజిస్టరు దస్తావేజు లేని ఇంటితోనూ చిక్కొస్తుంది. లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు చూపే పత్రం), ప్లాను అప్రూవల్ ఇప్పుడే బయటికి తీసి బ్యాంకు లాయరుకు చూపించండి. వారాల తరబడి పట్టే పని ఇది.

ఐ-20 మీద తప్పక చూడాల్సింది కోర్సు పేరు పక్కనుండే సీఐపీ కోడ్, అంటే ఆ కోర్సు ఏ రకందో చెప్పే అంకె. చదువయ్యాక ఓపీటీ అనే అనుమతి కింద 12 నెలలు పనిచేయొచ్చు. ఆ కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉంటేనే మరో 24 నెలలు పొడిగిస్తారు. బిజినెస్ అనలిటిక్స్‌ను ఒక యూనివర్సిటీ స్టెమ్ కోడ్ కింద, ఇంకోటి మామూలు బిజినెస్ కోడ్ కింద నడపొచ్చు, పేరు చూసి తేల్చలేం. మొదటి రోజు నుంచే సీపీటీ (చదువుతుండగానే కోర్సులో భాగంగా బయట పనిచేసే అనుమతి) ఇస్తామని చెప్పి పిలిచే చోట్లకు దూరంగా ఉండమనండి. పూర్తికాలం సీపీటీ 12 నెలలు నిండితే ఆ డిగ్రీ మీద ఓపీటీ హక్కు పోతుంది. క్యాంపస్‌లో పని చేసి ఫీజు కట్టేస్తానన్న ధీమా కూడా వద్దు, క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే అనుమతి.

ఏప్రిల్ 15 దాకా ఎవరూ తొందరపెట్టకూడదన్న మాట మీ అబ్బాయి వినే ఉంటాడు. అది అసిస్టెంట్‌షిప్, ఫెలోషిప్ లాంటి ఆర్థిక సాయంతో వచ్చిన అడ్మిట్లకు, ఆ ఒప్పందంలో ఉన్న యూనివర్సిటీలకే. సొంత డబ్బుతో వెళ్లేవాళ్లకు డిపాజిట్ గడువు ఏ యూనివర్సిటీది ఆ యూనివర్సిటీదే, ఆ డబ్బు చాలా చోట్ల తిరిగి రాదు. కాబట్టి రెండు చోట్లా డిపాజిట్ కట్టొద్దు.

ఐ-20లు రెండూ తెప్పించుకోవచ్చు. 350 డాలర్ల సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుంచే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) ఫీజు మాత్రం నిర్ణయం అయ్యాక, చేరబోయే చోటి సెవిస్ నంబరు మీద కట్టాలి. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లోనూ, వీసా ఇంటర్వ్యూలోనూ అదే యూనివర్సిటీ ఉండాలి. వీసా మీద ఏ పేరుంటే మొదటిసారి అక్కడికే వెళ్లాలి. మనసు మారితే సెవిస్ ఫీజును కొత్త నంబరుకు మార్పించుకుని, వీసా సంగతి విమానం ఎక్కకముందే తేల్చుకోవాలి. వద్దనుకున్న యూనివర్సిటీకి రెండు వాక్యాల మెయిల్ పెట్టి, తమ ఐ-20ని రద్దు చేయమని అడిగి, వాళ్ల జవాబును వీసా కాగితాలతోపాటు ఒక ప్రింటు తీసి పెట్టుకోమనండి.